పాల్ ఎర్లిక్

పాల్ ఎర్లిక్ (మార్చి 14, 1854 - ఆగష్టు 20, 1915) జర్మనీకి చెందిన సుప్రసిద్ధ వైద్య శాస్త్రవేత్త. రోగనిరోధక శాస్త్రానికి, రసాయన చికిత్సకు పునాదులు వేసినవారిలో ముఖ్యుడు. 1908లో ఇల్యా మెచ్నికోవ్‌తో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. సిఫిలిస్ (సవాయి) వ్యాధికి మందు కనుగొన్నవాడిగా ఈయన ఎక్కువమందికి తెలుసు. ముదిరిన కాన్సర్లకు నేడు రెండు రకాల మందులను జోడించి చికిత్స చేస్తున్నారు. ఒకటి శరీరపు రోగనిరోధక శక్తిని మేల్కొలిపేది, మరొకటి కాన్సర్ కణాలలోని ఒక నిర్దిష్ట లక్ష్యాన్ని తాకేది. ఈ రెండింటికీ మూలమైన ఆలోచనలు చాలావరకు ఎర్లిక్‌వే. అయితే కాన్సర్ విషయంలో మాత్రం ఆయన తన జీవితకాలంలో ఏ విజయమూ చూడలేదు.

బాల్యం, విద్యాభ్యాసం

ఎర్లిక్ సైలీషియా ప్రాంతంలోని స్ట్రేలెన్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఈ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తల్లి తరఫు బంధువైన కార్ల్ వైగెర్ట్ సూక్ష్మదర్శినితో పరిశీలించే కణజాలాలకు రంగులు పట్టించడంలో ఆద్యులలో ఒకడు. ఎర్లిక్‌కు రంగులపై ఆసక్తి ఆయన వల్లనే కలిగింది. బ్రెస్లావ్, స్ట్రాస్‌బర్గ్, ఫ్రైబర్గ్, లైప్‌జిగ్ నగరాలలో చదివి, 1878లో అనిలిన్ రంగులపై వ్రాసిన సిద్ధాంత వ్యాసంతో డాక్టరు పట్టా పొందాడు.

ఒక రంగు కొన్ని కణాలకే అంటుకుని తక్కినవాటిని ఎందుకు వదిలివేస్తుంది? ఎర్లిక్ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగిందని చెప్పవచ్చు. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో పనిచేస్తూ తెల్ల రక్తకణాలలోని రకాలను రంగులతో వేరుచేసి చూపాడు. 1882లో రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని ప్రకటించిన వెంటనే, ఆ క్రిమికి రంగు పట్టించే మెరుగైన పద్ధతిని రూపొందించాడు. 1883లో హెడ్విగ్ పింకుస్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమార్తెలు. కొన్నేళ్ళకు ఎర్లిక్‌కే క్షయ సోకగా, ఈజిప్టు వెళ్ళి కోలుకుని 1889లో తిరిగి వచ్చాడు.

రోగనిరోధక శాస్త్రంలో కృషి

ఆ రోజులలో ఎమిల్ వాన్ బేరింగ్ డిఫ్తీరియా (కంఠసర్పి) వ్యాధికి రక్తరసంతో చికిత్స కనుగొన్నాడు. కానీ ఒకసారి తయారుచేసిన మందు బలం మరొకసారి ఉండేది కాదు. ఆ బలాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతిని ఎర్లిక్ ఏర్పరచాడు. 1896లో బెర్లిన్ సమీపంలోని స్టెగ్లిట్జ్‌లో రక్తరస పరీక్షల సంస్థకు అధిపతి అయ్యాడు. 1899లో ఆ సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్‌కు తరలింది.

కణం ఉపరితలంపై ప్రత్యేకమైన ఆకారం గల గ్రాహకాలు ఉంటాయని, విషపదార్థాలు తాళంలో తాళంచెవి వలె వాటికి అతుక్కుంటాయని 1897లో ఎర్లిక్ ప్రతిపాదించాడు. అప్పుడు కణం అటువంటి గ్రాహకాలను అధికంగా తయారుచేసి రక్తంలోకి వదులుతుందని, అవే ప్రతిరక్షకాలని ఆయన వివరణ. ఇందులోని వివరాలు కొన్ని తరువాత నిలవలేదు, గ్రాహకం అన్న భావన మాత్రం నిలిచింది.

కాన్సర్ పరిశోధన

1901 తరువాత ఎర్లిక్ ఎలుకలలో కణితులపై పరిశోధనలు ప్రారంభించాడు. ఒక కణితి పెరుగుతున్న ఎలుకలో రెండవ కణితిని నాటితే అది తరచుగా పెరగకపోవడం గమనించాడు. 1909లో మరొక ఊహను ప్రకటించాడు. శరీరంలో దారితప్పిన కణాలు తరచుగా పుడుతూనే ఉంటాయని, శరీరపు రక్షణ శక్తులు వాటిని అణచివేయకపోతే కాన్సర్ ఇప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించేదని దాని సారాంశం. దానిని నిరూపించే సాధనాలు అప్పటికి లేవు. 1950లలో మాక్‌ఫర్లేన్ బర్నెట్, లూయిస్ థామస్‌లు ఈ ఆలోచనను తిరిగి చేపట్టారు.

రసాయన చికిత్స

రంగు ఒక కణానికే అంటుకోగలిగినప్పుడు, విషం కూడా రోగక్రిమికే అంటుకుని మనిషిని వదిలివేయవచ్చు కదా అని ఎర్లిక్ తర్కించాడు. అటువంటి మందుకు మంత్రపు తూటా అని పేరు పెట్టాడు. మనం రామబాణం అనేది గురి తప్పని మందును. ఎర్లిక్ కోరినది అంతకంటే కఠినమైనది, గురి తప్ప మరిదేనినీ తాకని మందు.

1906లో ఫ్రాంజిస్కా స్పేయర్ అనే ధనికురాలి విరాళంతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయనకు ప్రత్యేక పరిశోధనాలయం ఏర్పడింది. రోజుకు పాతిక దాకా చుట్టలు కాల్చుతూ, రంగురంగుల అట్టముక్కలపై సహాయకులకు ఆదేశాలు వ్రాసి పంపేవాడట. అక్కడ ఆర్సెనిక్ సమ్మేళనాలను వందల సంఖ్యలో తయారుచేయించాడు. 606వ సమ్మేళనం పనికిరాదని మొదట పక్కన పెట్టారు. 1909లో జపాన్ నుండి వచ్చిన సహచిరో హాటా దానిని కుందేళ్ళపై తిరిగి పరీక్షించి, సిఫిలిస్‌పై అద్భుతంగా పనిచేస్తున్నదని కనుగొన్నాడు. 1910లో అది సాల్వర్సాన్ పేరుతో వెలువడింది. దానిని కలిపి ఎక్కించడం కష్టం, దుష్ఫలితాలూ ఉండేవి. అందుచేత 1912లో సులభంగా కరిగే నియోసాల్వర్సాన్ వచ్చింది.

అంతగా ప్రచారం పొందకపోయినా, నేటి కాన్సర్ చికిత్సకు దగ్గరైన పరిశీలన ఇంకొకటి ఉంది. ట్రిపనోసోమా అనే పరాన్నజీవులు మందుకు అలవాటుపడి లొంగకుండా పోతాయని, అయినా వేరొక తరగతి మందుకు లొంగుతాయని 1907 ప్రాంతంలో ఎర్లిక్ ప్రయోగశాల గుర్తించింది. దీని ఆధారంగా, వేర్వేరు గ్రాహకాలపై పనిచేసే మందులను కలిపి ఇవ్వాలని 1913లో లండన్ వైద్య మహాసభలో ఆయన సూచించాడు.

చివరి రోజులు

సాల్వర్సాన్ కీర్తితో పాటు నిందలూ తెచ్చింది. రోగులపై బలవంతంగా ప్రయోగిస్తున్నారని ఆరోపించిన ఒక పత్రికా ప్రచురణకర్తకు 1914లో ఫ్రాంక్‌ఫర్ట్ న్యాయస్థానం జైలుశిక్ష విధించింది. కొత్తగా స్థాపించిన ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి కూడా అదే సంవత్సరం లభించింది. నోబెల్ బహుమతి వచ్చిన ఆరేళ్ళకు గాని ఈ పదవి రాకపోవడం గమనించదగినది. 1915 ఆగష్టు 20న బాడ్ హోంబర్గ్‌లో మరణించాడు.

తరువాతి పరిణామాలు

ఎర్లిక్ ఆశించినంత సూటియైన కాన్సర్ మందులు రావడానికి దాదాపు శతాబ్దం పట్టింది. అమెరికాలో 1998లో ట్రాస్టుజుమాబ్, 2001లో ఇమాటినిబ్, 2011లో రోగనిరోధక శక్తికి ఉన్న కళ్ళెం తొలగించే ఇపిలిముమాబ్ అనుమతి పొందాయి. గురిపెట్టిన మందులు కణితిని త్వరగా కుదిస్తాయి కానీ, ట్రిపనోసోమాల వలెనే కాన్సర్ కణాలు వాటికి లొంగకుండా పోతాయి. రోగనిరోధక చికిత్స కొందరికే పనిచేస్తుంది, పనిచేసినచోట దాని ఫలితం చాలాకాలం నిలుస్తుంది. అందుకే రెండింటినీ కలిపి చూశారు. ముదిరిన మూత్రపిండాల కాన్సర్‌లో పెంబ్రోలిజుమాబ్, ఆక్సిటినిబ్ కలిపి ఇచ్చినవారిలో సుమారు 90 శాతం మంది ఏడాది తరువాత జీవించి ఉన్నారని, సునిటినిబ్ ఒక్కటే వాడినవారిలో ఇది 78 శాతమని 2019లో తేలింది. ప్రతిరక్షకానికి విషాన్ని తగిలించి కాన్సర్ కణానికి చేర్చే ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్‌ను పెంబ్రోలిజుమాబ్‌తో జోడించినప్పుడు, ముదిరిన మూత్రాశయ తరహా కాన్సర్లలో మధ్యస్థ జీవితకాలం 16 నెలల నుండి 31 నెలలు దాటిందని 2023లో వెల్లడైంది.

అన్ని జోడింపులూ మేలు చేయలేదు. మెలనోమా అనే చర్మ కాన్సర్‌కు వెమురాఫెనిబ్, ఇపిలిముమాబ్ కలిపి ఇచ్చిన ప్రయోగంలో రోగుల కాలేయం దెబ్బతినడంతో దానిని నిలిపివేసినట్లు 2013లో ప్రకటించారు.

గుర్తింపు

యూదుడైనందున నాజీల కాలంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఒక వీధికి ఉన్న ఎర్లిక్ పేరును తొలగించారు. యూరో రాకముందు జర్మనీ 200 మార్కుల నోటుపై ఆయన చిత్రం ఉండేది. 1896లో ఆయన అధిపతిగా మొదలైన సంస్థ నేడు పాల్ ఎర్లిక్ ఇన్‌స్టిట్యూట్ అనే పేరుతో ఫ్రాంక్‌ఫర్ట్ సమీపంలోని లాంగెన్‌లో ఉంది. జర్మనీలో టీకాలను, ప్రతిరక్షకాలతో తయారైన మందులను పరిశీలించే బాధ్యత ఈ సంస్థదే.