పుట్టింటి గడప దగ్గర లలిత వేసిన లెక్క

మా వీధి చివరింటి అమ్మాయి రెండేళ్ళ బాబుని చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసి మూడు నెలలైంది. మొన్న సాయంత్రం మా వంటింట్లో పీట వాల్చుకుని కూర్చుని ఓ నోటు పుస్తకం తెరిచింది. పాలు, మందులు, బట్టలు, వచ్చే ఏడాది బడి ఫీజు... ఒక పేజీ నిండా ఖర్చులే. ఎదురు పేజీ ఖాళీ. ఇక్కడ ఏం రాయాలి పిన్నీ అంటూ నా మొహంలోకి చూసింది.

నాకు చప్పున జవాబు తోచలేదు. ఆ రాత్రి వంటిల్లు సర్దుకుంటుంటే లలిత గుర్తొచ్చింది. అయ్యలసోమయాజుల లలిత. మన దేశంలో ఇంజనీరింగ్ డిగ్రీ అందుకున్న మొదటి స్త్రీలలో ఒకరు, మన తెలుగింటి ఆడపడుచు. ఆమెది ఇంజనీరు కథ అంటారందరూ. నాకు మాత్రం అది చంటిబిడ్డతో పుట్టింటికి చేరిన ఒక తల్లి జమాఖర్చుల కథలా కూడా అనిపిస్తుంది.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టింది. ఏడుగురు సంతానంలో అయిదోది. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. అంత చదువుకున్న ఇంట్లోనూ మగపిల్లలకు ఇంజనీరింగూ, ఆడపిల్లలకు బడి చదువుతో సరీ అన్నట్టే నడిచింది. 1934లో, పదిహేనో ఏట, లలితకు పెళ్ళి చేశారు. పెళ్ళయ్యాక కూడా పదో తరగతి దాకా చదివించడమే అప్పటికి గొప్ప.

మూడేళ్ళు తిరిగేసరికి, 1937లో, భర్త పోయాడు. లలితకు పద్దెనిమిదేళ్ళు. ఒళ్ళో నాలుగు నెలల ఆడపిల్ల.

ఆ రోజుల్లో పద్దెనిమిదేళ్ళ వితంతువు బతుకు ఎలా ఉండేదో మన అమ్మమ్మల్ని అడిగితే చెబుతారు. శిరోముండనం, ఒంటిపూట భోజనం, వెనకింట్లో ఓ మూల. భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇచ్చే చట్టం సరిగ్గా ఆ 1937లోనే వచ్చింది. కానీ కాగితం మీది చట్టం వేరు, పెరటి గదిలో బతుకు వేరు. చాలామందికి దక్కింది ఇంత మనోవర్తి, లేదంటే అన్నదమ్ముల దయ. లలితకు కూడా అత్తవారింట ఆ దుఃఖకాలం తేలిగ్గా గడవలేదు. బిడ్డను తీసుకుని తండ్రి దగ్గరికి వచ్చేసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూద్దాం. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు అన్నం పెట్టేవాళ్ళు ఉంటారు. ఇవాళ పెడతారు, రేపూ పెడతారు. నాన్న ఉన్నన్నాళ్ళూ పెడతారు. ఆ తర్వాత? బిడ్డ చదువు? దాని పెళ్ళి? లలిత మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. తన కాళ్ళ మీద తను నిలబడాలి, అందుకు చదువు కావాలి అనుకుంది. సుబ్బారావు గారు సరే అన్నారు. ముందు క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ ఫస్టు క్లాసులో ప్యాసయింది.

తర్వాత ఏం చదవాలి? అప్పట్లో చదువుకున్న ఆడవాళ్ళకు తెరిచి ఉన్న పెద్ద తలుపు డాక్టరీ. లలిత అదీ ఆలోచించింది. కానీ డాక్టరుకు వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి కబురొస్తే నిద్రపోతున్న పిల్లను వదిలి వెళ్ళాలి. తనకు కావలసింది పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరే ఉద్యోగం. నాన్న, అన్నదమ్ములు చేసే పని అలాంటిదే కదా! అలా ఇంజనీరింగ్ ఎంచుకుంది. చూశారా, ఆమె రూపాయల కంటే ముందు గంటలు లెక్కపెట్టుకుంది.

గిండీలో అప్పటిదాకా ఆడపిల్ల చేరలేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు. విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ అనుమతి ఇచ్చారు. 1940లో లలిత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరింది. వందలమంది మగపిల్లల మధ్య ఒక్కతే. మగపిల్లలు మర్యాదగానే ఉన్నారట. కష్టమల్లా హాస్టల్లో ఒంటరితనం. అందుకే తండ్రిగారు అమ్మాయిలనూ చేర్చుకుంటామని కాలేజీ తరఫున ప్రకటన వేయించారు. లీలమ్మ జార్జి, పి.కె. థ్రేసియా అనే మరో ఇద్దరు సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఒకమ్మాయి కోసం తెరిచిన తలుపు అలా మరో ఇద్దరికి దారి ఇచ్చింది.

మరి పాప? సోదరుడి ఇంట్లో పెరిగింది. లలిత వారం వారం వెళ్ళి చూసుకుని వచ్చేది. వారంలో మిగతా రోజులు ఆ తల్లి మనసు ఎక్కడ ఉండేదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఖర్చు ఏ పద్దు పుస్తకానికీ ఎక్కదు.

1943లో చదువు పూర్తయింది. చేతికొచ్చిన సర్టిఫికెట్‌లో ‘అతడు’ అని అచ్చయి ఉంటే, అది కొట్టేసి ‘ఆమె’ అని చేత్తో రాసి ఇచ్చారు. ఆ తర్వాత బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిస్. అటుపైన సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉద్యోగం. అక్కడ సోదరుడి ఇంట్లోనే ఉండే వీలు దొరికింది. 1946 చివరిదాకా పనిచేసింది.

తర్వాత మద్రాసు వచ్చి తండ్రి పరిశోధనల్లో సాయం చేసింది. విద్యుత్తుతో పలికే జెలెక్ట్రోమోనియం అనే వాద్యం, పొగ రాని పొయ్యిలు... మనసుకు నచ్చిన పని, పక్కన కన్నతండ్రి. ఇంతకన్నా ఏం కావాలి? కానీ తొమ్మిది నెలలకే మానేసింది. కారణం డబ్బు. పిల్ల పెరుగుతోంది. చదువు ముందుంది. ఇష్టమైన పని కడుపు నింపుతుంది గానీ ఫీజు కట్టదు. లలిత జీవితంలో నా గుండె పట్టేసే చోటు ఇదే. వద్దనుకుని కాదు, లెక్క కుదరక వదులుకుంది.

1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరింది. అక్కడా సోదరుడి కుటుంబంతోనే కాపురం. తను ఆఫీసుకు వెళ్తే పిల్లను చూసే మనుషులు ఇంట్లో ఉన్నారు. జీతం చేతిలో ఉంది. అప్పటికి తూకం కుదిరింది. ఆ బల్ల మీదే ట్రాన్స్‌మిషన్ లైన్ల, సబ్‌స్టేషన్ల డిజైన్లు చేసింది. భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. 1953లో లండన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో అసోసియేట్ సభ్యత్వం, 1966లో పూర్తి సభ్యత్వం వచ్చాయి. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్ళింది. మన దేశం తరఫున పంపే సంఘమేదీ లేకపోతే సొంత హోదాలోనే వెళ్ళింది.

దాదాపు ముప్ఫై ఏళ్ళ కొలువు తర్వాత 1977లో రిటైరైంది. విశ్రాంతి రెండేళ్ళే. 1979 అక్టోబరు 12న, అరవయ్యో ఏట, కన్నుమూసింది. కూతురు మాత్రం బాగా చదువుకుంది. తండ్రి లేని లోటు అమ్మ తెలియనివ్వలేదని పెద్దయ్యాక చెప్పుకుంది.

అందరికీ సుబ్బారావు గారి లాంటి తండ్రి ఉండడు, నిజమే. ప్రొఫెసరు గారి కూతురు గనక సాగింది అనేవాళ్ళూ ఉంటారు, అదీ నిజమే. కానీ ఆ ఇంట్లోవాళ్ళు లలితకు ఇచ్చింది జాలి కాదు, సమయం. పిల్లను మేం చూస్తాం, నువ్వు చదువుకో అన్నారు. కూతురు తిరిగొచ్చిన ఏ ఇంట్లోనైనా, ఎంత తక్కువలో ఉన్నా, ఇవ్వగలిగింది అదే కదా!

మర్నాడు చివరింటి అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. ఖాళీ పేజీలో మొదట గంటలు రాయమన్నాను. బాబుని అమ్మ ఎన్ని గంటలు చూడగలదు, తమ్ముడు ఏ పూట తీసుకెళ్ళగలడు, ఆ వేళల్లో నువ్వు ఏం నేర్చుకోగలవు, ఏం చెయ్యగలవు. ఎవరెవరు ఏ సాయం చేస్తారో మొహమాటపడకుండా అడిగి రాయి అన్నాను. డబ్బు అంకె ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

నిన్న వచ్చి చూపించింది. మొదటి గీతలో వాళ్ళమ్మ పేరు, పక్కన పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అని రాసి ఉంది.