గది వేడికి పగ్గం వేసిన బడిపంతులు

ఢిల్లీ సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 2021 జనవరి 1న కనిష్ఠ ఉష్ణోగ్రత 1.1 డిగ్రీలకు పడిపోయింది. తెలుగు నేల నుంచి ఉద్యోగరీత్యా రాజధాని ప్రాంతానికి చేరిన కుటుంబాలకు అటువంటి చలి కొత్త. ఇల్లంతటినీ ఒకే చోటు నుంచి వెచ్చబరిచే ఏర్పాటు ఇక్కడి నివాసాలలో అరుదు. రజాయి, రూమ్ హీటర్, గీజర్ మాత్రమే ఆధారం. అయినా ఆ గీజర్‌లోనూ, ఆయిల్ హీటర్‌లోనూ, గురుగ్రామ్, నోయిడా కార్యాలయ భవనాల గోడల మీదనూ ఉండి వేడిని ఒక హద్దులో నిలిపే సాధనం ఒక్కటే. అది థర్మోస్టాట్. దానిని గది గోడ మీదికి తెచ్చినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు వారెన్ సేమూర్ జాన్సన్.

జాన్సన్ 1847 నవంబరు 6న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జన్మించారు. ఆయన బాల్యంలోనే కుటుంబం విస్కాన్సిన్‌కు తరలిపోయింది. అచ్చు పని, భూమి సర్వే, బడిపంతులు ఉద్యోగం, పాఠశాలల పర్యవేక్షణ, ఇలా అనేక వృత్తులు చేపట్టిన తరువాత 1876లో వైట్‌వాటర్ పట్టణంలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆచార్యునిగా చేరారు. విద్యుత్తు మీద ఆయనకు తీరని ఆసక్తి ఉండేది.

ఆ కళాశాలలో చలికాలపు ఇబ్బంది ఒకటి ప్రతి రోజూ ఎదురయ్యేది. నేలమాళిగలోని కొలిమి నుంచి గదులకు వేడి అందేది. ఏ గది చల్లబడిందో, ఏ గది ఉడికిపోతున్నదో కింద ఉన్న మనిషికి తెలిసే మార్గం లేదు. అందుకని బంట్రోతు గంట గంటకూ ఒక్కొక్క తరగతి తలుపు తెరిచి, ఉష్ణమాపకం చూసి, తిరిగి మెట్లు దిగి గాలి తలుపులను సరిచేయవలసి వచ్చేది. అతడు లోపలికి వచ్చిన ప్రతిసారీ పాఠం ఆగిపోయేది. అతడు కిందికి చేరేలోపు గది పరిస్థితి మళ్లీ మారిపోయేది. పంతులు చిరాకు సంగతి అలా ఉంచితే, రోజంతా మెట్లెక్కి దిగే ఆ బంట్రోతు కష్టమే ఈ కథకు అసలు మూలమని చెప్పవచ్చు.

వేడికి రెండు లోహాలు వేర్వేరు మేరకు వ్యాకోచిస్తాయనీ, వాటిని జోడించిన బద్ద అందువల్ల వంగుతుందనీ శాస్త్రవేత్తలకు అప్పటికే తెలుసు. స్కాట్లాండ్‌కు చెందిన ఆండ్రూ యూర్ 1830లోనే ఆ సూత్రం మీద పేటెంటు పొందారు. థర్మోస్టాట్ అన్న పేరు కూడా ఆయన పెట్టినదే. జాన్సన్ చేసిన పని దానికి విద్యుత్తును ముడివేయడం. గది వేడి నిర్ణీత స్థాయిని తాకగానే వలయం పూర్తయి, నేలమాళిగలో గంట మోగుతుంది. కింది మనిషి పైకి రాకుండానే గాలి తలుపును కదుపుతాడు. ఈ పరికరానికి 1883లో పేటెంటు లభించింది.

మిల్వాకీ నగరపు సంపన్నుడు విలియం ప్లాంకింటన్ పెట్టుబడి సమకూర్చగా, 1885లో జాన్సన్ ఎలక్ట్రిక్ సర్వీస్ కంపెనీ ఏర్పడింది. ఆచార్య పదవిని వదిలి జాన్సన్ ఆవిష్కరణలకే అంకితమయ్యారు. గంట మోగించడంతో ఆయన తృప్తి పడలేదు. మనిషి చేయి అవసరం లేకుండా, గొట్టాలలో ప్రవహించే ఒత్తిడి గాలితోనే ఆవిరి కవాటాలు తెరుచుకుని మూసుకునే పద్ధతిని రూపొందించారు. ఒకే భవనంలో ఏ గదికి ఆ గది వేడిని నియంత్రించే విధానానికి 1895లో పేటెంటు దక్కింది. బంట్రోతు తిరుగుడు అప్పటికి గాని పూర్తిగా తప్పలేదు.

ఆయన పేరిట 50కి పైగా పేటెంట్లు ఉన్నాయి. వాటిలో చాలా వాటికి వేడితో సంబంధమే లేదు. గోపురాలకు గాలితో నడిచే గడియారాలు నిర్మించారు. ఫిలడెల్ఫియా నగర భవనపు గడియారం ఆయన పనితనమే. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు 112 అడుగుల వ్యాసం గల పూల గడియారాన్ని అమర్చారు. తీగలేని తంతి కోసం ప్రయోగాలు చేశారు. ఆవిరి ట్రక్కులు, ఆ తరువాత పెట్రోలు కార్లు తయారు చేయించారు. వీటి మీద ధనం వెచ్చించడం తోటి డైరెక్టర్లకు రుచించలేదు. లాభం ఇచ్చే ఉష్ణ నియంత్రణ మీదనే నిలవాలన్నది వారి పట్టుదల. వ్యాపార దృష్టితో చూస్తే వారిదే సరైన లెక్క. కానీ ఒక్క లెక్కకే కట్టుబడే మనిషి అయివుంటే జాన్సన్ బడి వదిలి వచ్చేవారే కారు.

1911 డిసెంబరు 5న ఆయన లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడాదే కొత్త యాజమాన్యం తక్కిన వ్యాపారాలను విడిచిపెట్టి ఉష్ణ నియంత్రణను మాత్రమే నిలుపుకున్నది. ఆయన మరణించిన వారానికి, డిసెంబరు 12న, ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటించారు. అలా వెలసిన కొత్త నగరంలో చలికి ఆధారం ఫైర్‌ప్లేసులే. నేటి రాష్ట్రపతి భవన్‌లోనూ అవి కనిపిస్తాయి. గోడ మీది థర్మోస్టాట్ ఇక్కడికి చాలా కాలం తరువాత, వేడి కోసం గాక చల్లదనం కోసం వచ్చింది. 2020 జనవరి 1 నుంచి దేశంలో స్టార్ రేటింగు గల గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా ఉండాలన్న నిబంధన అమలులోకి వచ్చింది.

పాత పెట్టెలను తొలగించి డిజిటల్‌వి అమర్చుకోవడం ఇప్పుడు అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ, రాజధాని ప్రాంతంలోని కార్యాలయాలలోనూ సాగుతున్నది. రెండు చోట్లా పని ఒకేలా ఉండదు. అమెరికా ఇళ్లలోని గోడ థర్మోస్టాట్ తీగలలో ఎక్కువగా ఉండేది 24 వోల్టులే. ఇక్కడ చల్లని నీటితో నడిచే కేంద్రీయ ఏసీల థర్మోస్టాట్లకు సాధారణంగా 230 వోల్టులు అందుతాయి. బంధువులు అక్కడి నుంచి తెచ్చిన పరికరాన్ని ఇక్కడి తీగలకు కలిపితే అది కాలిపోతుంది, మనిషికీ ప్రమాదమే. ముందుగా మెయిన్ స్విచ్ ఆపి, ఏ తీగ ఏ గుర్తు వద్ద ఉన్నదో ఫొటో తీసుకున్న తరువాతే ఎలక్ట్రీషియన్ పాతదానిని విప్పాలి. పాత గుండ్రటి రకాలలో కొన్నింటి లోపల చిన్న గాజు బుడ్డిలో పాదరసం ఉంటుంది. ఆ బుడ్డి పగలకుండా విడిగా భద్రపరచి, ప్రమాదకర వ్యర్థాలు సేకరించే కేంద్రానికి అప్పగించాలి.