ఒక్కో బిడ్డకు ఒక్కో సాయంత్రం

కట్టంగూర్‌లో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తల్లి మా దగ్గరికి వచ్చి తన కష్టం చెప్పుకుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి పదో తరగతి. నడిపివాడికి ఎక్కాలు నిలవడం లేదు. చిన్నదానికి ఇంకా అక్షరాలే రావు. పొలం నుంచి వచ్చి ముగ్గురినీ దీపం కింద కూర్చోబెడితే ఒకరికి చెప్పేలోగా మిగతా ఇద్దరూ కొట్లాడుకుంటారు. ఏడాది పొడవునా ఎవరికి ఎప్పుడు ఏం చెప్పాలో ఏదైనా పద్ధతి ఉందా అయ్యగారూ అని అడిగింది.

ఇది ఆ ఒక్క తల్లి కష్టం కాదు. 2020లో కరోనా వల్ల బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుంచి పాఠాలు దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ వచ్చినప్పుడు మన ఇళ్లన్నీ బడులయ్యాయి. ఒక టీవీ, ఒక ఫోను, మూడు తరగతుల పిల్లలు! ఎవరిని ముందు కూర్చోబెట్టాలో తెలియక తల్లులు పడిన అవస్థ మనమింకా మరచిపోలేదు. అందుకే మూడు వందల ఏళ్ల కిందట ఇంతకంటే పెద్ద ఇంటిబడిని ఒంటిచేత్తో నడిపిన ఒక తల్లి జీవితాన్ని ఈ వారం ధ్యానిద్దాం. ఆమె పేరు సుసన్నా వెస్లీ. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన జాన్ వెస్లీకి, వేలాది కీర్తనలు రాసిన చార్లెస్ వెస్లీకి కన్నతల్లి.

సుసన్నా 1669 జనవరి 20న లండన్‌లో పుట్టింది. తండ్రి డాక్టర్ శామ్యూల్ ఆన్నెస్లీ పేరున్న బోధకుడు. ప్రభుత్వం విధించిన ఆరాధనా క్రమానికి మనస్సాక్షి ఒప్పుకోక 1662లో తన సంఘాన్నే వదులుకున్న వ్యక్తి. ఆ ఇంట్లో ఆడపిల్లలకూ పుస్తకాలు అందుబాటులో ఉండేవి. సుసన్నా చదివింది, ఆలోచించింది. పదమూడేళ్లయినా నిండకముందే తండ్రి మార్గం కాదని ఇంగ్లండు సంఘంలో చేరాలని తనంతట తానే నిర్ణయించుకుంది. తండ్రి బాధపడ్డాడేమో గాని కూతురిని ప్రేమించడం మానలేదు. పిల్లలకు ఆలోచించడం నేర్పితే వారు మనతో విభేదించే రోజూ వస్తుందని ఆ తండ్రికి తెలిసి ఉంటుంది.

1688లో ఆమె శామ్యూల్ వెస్లీ అనే యువ బోధకుడిని పెళ్లాడింది. 1697 నాటికి వారు లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే పల్లెకు చేరారు. చుట్టూ చిత్తడి నేలలు, చదువురాని రైతులు, బోధకుడంటే గిట్టని ఇరుగుపొరుగు. సుమారు పంతొమ్మిదేళ్లలో ఆమెకు పంతొమ్మిది మంది పిల్లలు పుట్టారు. వారిలో తొమ్మిది మంది పసితనంలోనే కన్నుమూశారు. బతికి పెద్దయినవారు పదిమంది, ముగ్గురు కొడుకులు, ఏడుగురు కూతుళ్లు. మేరీ అనే కూతురు పసితనంలో జరిగిన ప్రమాదంతో జీవితాంతం అవిటిగా మిగిలింది.

పేదరికం ఆ ఇంటిని ఎన్నడూ వదలలేదు. శామ్యూల్ పండితుడే గాని అప్పుల లెక్క తెలియని మనిషి. 1705లో అప్పు తీర్చలేక లింకన్ కోటలోని చెరసాలలో కొన్ని నెలలు గడిపాడు. ఆ రోజుల్లో ఆర్చిబిషప్ ఒకరు సుసన్నాను ఎప్పుడైనా తిండి లేక పస్తున్నారా అని అడిగారు. రొట్టె పూర్తిగా లేని రోజు రాలేదు గాని, దాన్ని సంపాదించడానికి, ఆ తర్వాత దాని అప్పు తీర్చడానికి పడిన పాట్లు తలచుకుంటే తిన్న రొట్టె కూడా చేదయ్యేదని ఆమె జవాబు. దుకాణంలో ఖాతా పెట్టుకుని బియ్యం తెచ్చుకున్న మన తల్లులకు ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు.

అలాంటి ఇంట్లో ఆమె బడి పెట్టింది. ఆ బడి ఎలా నడిచిందో మనకు తెలియడానికి కారణం కొడుకు జాన్. పిల్లలను పెంచిన విధానం రాసిపెట్టమని అతడు పట్టుబట్టి అడిగితే, మొదట వెనుకాడి, చివరికి 1732 జూలైలో ఆమె ఒక సుదీర్ఘమైన ఉత్తరం రాసింది. అందులోని సంగతులు చూస్తే ఒక చక్కని విద్యా సంవత్సర ప్రణాళికే కళ్లముందు నిలుస్తుంది.

మొదటిది, ఆరంభం. ఒక్క బిడ్డకు తప్ప ఎవరికీ ఐదేళ్లు నిండేదాకా అక్షరాలు చెప్పలేదు. ఐదో పుట్టినరోజు దాటిన మరునాడు ఆ బిడ్డ కోసం ఇల్లంతా సిద్ధమయ్యేది. ముందురోజే ఇంటి పనులు సర్ది, ఎవరి పని వారికి అప్పగించి, బడి గదిలోకి ఎవరూ రాకుండా కట్టడి చేసేది. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు, మళ్లీ రెండు నుంచి ఐదు వరకు తల్లి ఆ ఒక్క బిడ్డతోనే కూర్చునేది. దాదాపు అందరూ ఆ ఒక్కరోజులోనే అక్షరాలన్నీ నేర్చారు. మేరీకి, యాన్‌కు మాత్రం రోజున్నర పట్టింది. అప్పట్లో వాళ్లిద్దరూ మందబుద్ధులని తల్లి అనుకుంది గాని, తర్వాత మరెందరో పిల్లలు అక్షరాలకు ఎంతకాలం తీసుకుంటారో చూశాక తన తీర్పు మార్చుకుంది. పెద్దకొడుకు శామ్యూల్‌కు నాలుగేళ్లు దాటేదాకా మాటలే రాలేదు. అలాంటివాడు కొద్ది గంటల్లో అక్షరాలు పట్టేశాడు. ఆలస్యమైన బిడ్డను చూసి దిగులుపడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అక్షరాలు రాగానే వారి మొదటి వాచకం ఆదికాండము మొదటి అధ్యాయమే. ఒక్కో మాట కూడబలుక్కుని చదవడం, ఆ వచనం తప్పు లేకుండా వచ్చేదాకా తర్వాతి దానికి వెళ్లకపోవడం ఆమె పద్ధతి.

రెండోది, వేర్వేరు వయసుల పిల్లలను కలిపి నడిపించడం. బడి ఆరంభంలో, ముగింపులో అందరూ కలిసి కీర్తన పాడేవారు. అక్కడ చిన్నా పెద్దా తేడా లేదు. సాయంత్రం ఐదు గంటలకు పెద్దబిడ్డ మాటలొచ్చిన అందరికంటే చిన్నబిడ్డను, రెండోబిడ్డ ఆ పై బిడ్డను వెంటబెట్టుకుని ఆనాటి కీర్తనలు, క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయం చదివి వినిపించేవారు. ఉదయం అల్పాహారానికి ముందు కీర్తనలు, పాత నిబంధన అధ్యాయం. దీనివల్ల చిన్నవారికి చదువు వచ్చేది, పెద్దవారికి చదివింది గట్టిపడేది, తల్లికి కాస్త ఊపిరి దొరికేది.

మూడోది, కట్టుబాట్లు. తప్పు చేసిన బిడ్డ నిజం ఒప్పుకుంటే దెబ్బలు లేవు. ఒకసారి శిక్షించిన తప్పును మళ్లీ ఎత్తిచూపడం లేదు. ఇచ్చిన మాట నిలుపుకోవాలి. తోబుట్టువు వస్తువు గుండుసూది అయినా అడగకుండా తీయకూడదు. మంచిపని చేస్తే మెచ్చుకోవాలి. బాగా చదవడం వచ్చేదాకా ఆడపిల్లను కుట్టుపనికి కూర్చోబెట్టకూడదు. ఆడవారిలో ఎక్కువమందికి చక్కగా చదవడం రాకపోవడానికి కారణం పసితనంలోనే వారిని పనిలో పెట్టడమేనని ఆమె గ్రహించింది. పత్తి ఏరే రోజులు రాగానే ముందు ఆడపిల్ల బడి మాన్పించే అలవాటు మన పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. సుసన్నా పెట్టిన ఈ ఒక్క నియమం చాలు, ఆమెను తలచుకోవడానికి.

ఇంత చక్కగా నడుస్తున్న బడి ఒక్క రాత్రిలో బూడిదయింది. 1709 ఫిబ్రవరి 9న ఎప్‌వర్త్ ఇల్లు అంటుకుంది. ఐదేళ్ల జాన్ మేడమీద చిక్కుకుపోతే ఒకరి భుజాలపై ఒకరు ఎక్కి కిటికీలోంచి అతణ్ణి దించారు. పిల్లలు దక్కారు గాని పుస్తకాలు, కాగితాలు, గృహమంతా పోయాయి. నిండు గర్భిణి అయిన తల్లికి నిలువనీడ లేదు. పిల్లలను తలో ఇంటికి పంపాల్సి వచ్చింది. తిరిగి ఒకచోట చేరేసరికి వారి నోట మొరటు మాటలు, ఆటల పిచ్చి, ఆదివారపు క్రమం మరచిన నిర్లక్ష్యం. ఏళ్ల తరబడి పెంచిన తోట గొడ్లు మేసినట్టయింది. సుసన్నా కుంగిపోలేదు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. కీర్తనలు పాడే క్రమం, పెద్దవారు చిన్నవారికి చదివి వినిపించే అలవాటు ఇంట్లోకి వచ్చింది ఆ తర్వాతే. కాలిపోయిన ఏడాదే ఆమెకు మెరుగైన ప్రణాళిక నేర్పింది. తగిన పుస్తకాలు లేవని కూర్చోకుండా అపొస్తలుల విశ్వాస ప్రమాణానికి వివరణను తానే రాసి 1710లో కూతురు సుసన్నాకు పంపింది. పది ఆజ్ఞల మీదా రాసింది.

ఇక అన్నిటికంటే విలువైన సంగతి. దీని మూలం మన దక్షిణ భారతదేశంలోనే ఉంది. 1706 జూలైలో సీగెన్‌బాల్గ్, ప్లూషౌ అనే ఇద్దరు యువకులు డెన్మార్కు రాజు పంపగా తమిళ తీరంలోని తరంగంబాడిలో దిగారు. వారి సేవను గురించిన వృత్తాంతం అచ్చయి ఇంగ్లండు చేరింది. దానిని కూతురు ఎమిలియా తండ్రి గదిలో చూసి తల్లికి చదివి వినిపించింది. సుసన్నాకు చాలా రోజులు వేరే ధ్యాస లేదు. ఎక్కడో ఎండలో పరాయి ప్రజల ఆత్మల కోసం వారంత తపిస్తుంటే, నా ఇంట్లో నాకు అప్పగించిన ఆత్మల కోసం నేనేం చేస్తున్నానని తనను తాను నిలదీసుకుంది. ఆ మిషనుకే చెందిన బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసులో తెలుగు నేర్చి బైబిలును మన భాషలోకి అనువదించాడు, అది అచ్చుకు నోచుకోకపోయినా. తరంగంబాడిలో వెలిగిన దీపం ఒకవైపు తెలుగువారిని వెదికింది, మరోవైపు ఎప్‌వర్త్ తల్లిని కదిలించింది.

అప్పుడామె చేసిన ఏర్పాటు ఇది. పిల్లలందరికీ కలిపి చెప్పే పాఠం కాక, ప్రతి సాయంత్రం ఒక బిడ్డతో ఏకాంతంగా మాట్లాడేది. సోమవారం మేరీ, మంగళవారం హెట్టీ, బుధవారం యాన్, గురువారం జాన్, శుక్రవారం మార్తా, శనివారం చార్లెస్, ఆదివారం ఎమిలియా, సుసన్నా. ఆ గంటలో పుస్తకం ముఖ్యం కాదు. ఆ బిడ్డ భయమేమిటి, సందేహమేమిటి, దేవునితో ఎలా ఉంది అన్నదే ముఖ్యం. ఎన్నో ఏళ్ల తర్వాత ఆక్స్‌ఫర్డులో అధ్యాపకుడైన జాన్, ఒకప్పటి గురువారం సాయంత్రంలో కొంత సమయం మళ్లీ తనకోసం కేటాయించమని తల్లికి ఉత్తరం రాశాడు. ఎంత చదివినా ఆ కొడుకు మనసులో ఆ సాయంత్రపు తీపి తగ్గలేదు.

1711-12 చలికాలంలో భర్త లండన్‌లో ఉండగా ఆదివారం సాయంత్రం పిల్లలకు, పనివారికి ఆమె ప్రసంగాలు చదివి వినిపించేది. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వచ్చి చేరారు. చివరికి రెండు వందల మందికి పైగా పోగయ్యారు. సహాయ బోధకుడు ఫిర్యాదు చేశాడు. భర్త సందేహిస్తూ రాశాడు. ఆపాలంటే ఊరికే ఇష్టం తెలపడం చాలదు, స్పష్టంగా ఆజ్ఞాపించండి, అప్పుడు దేవుని ఎదుట ఆ లెక్క మీది అని ఆమె వినయంగానే, గట్టిగానే జవాబిచ్చింది. కూడిక ఆగలేదు.

సుసన్నా జీవితాన్ని పూలబాటగా చూపితే మనం అబద్ధమాడినట్టే. ఏడాది నిండేసరికే పిల్లలకు బెత్తం భయం నేర్పి, మెల్లగా ఏడవడం అలవాటు చేసిందామె. ఆ కాఠిన్యం మనకు ఆదర్శం కానక్కర్లేదు. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. ఇంట్లోనూ బెత్తం కంటే ఆమె గురువారపు సాయంత్రమే ఎక్కువ పనిచేసిందని జాన్ ఉత్తరమే సాక్ష్యం. కొడుకులకు ఆక్స్‌ఫర్డు తలుపులు తెరుచుకున్నాయి గాని, అంతే చదువున్న కూతుళ్లకు తెరుచుకోలేదు. కవయిత్రి అయిన హెట్టీ 1725లో పొరపాటు చేస్తే తండ్రి క్షమించలేకపోయాడు. తగని పెళ్లిలో ఆమె బతుకు నలిగింది. ఎంత మంచి ప్రణాళికా బిడ్డల భవిష్యత్తుకు హామీపత్రం కాదు. విత్తడం మన వంతు, వృద్ధి కలుగజేయడం దేవుని వంతు.

1735లో భర్త చనిపోయాక ఆమె పిల్లల ఇళ్లలో గడిపింది. 1742 జూలైలో లండన్‌లో, జాన్ సేవాకేంద్రమైన ఫౌండరీలో, బిడ్డల మధ్య ప్రభువునందు నిద్రించింది. బన్‌హిల్ ఫీల్డ్స్‌లో సమాధి చేశారు. ఆమె కొడుకుల ఉద్యమం సముద్రాలు దాటి మన తెలంగాణకూ వచ్చింది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఆ గోపురం కింద నిలబడినప్పుడు ఎప్‌వర్త్ ఇంటిబడిని కూడా తలచుకోవాలి.

కట్టంగూర్ తల్లికి మేము చెప్పిందీ ఇదే. బడి మాన్పించనక్కర్లేదు. బడికి తోడుగా ఇల్లు నిలిస్తే చాలు. జూన్‌లో బడి తెరిచేముందు ఒక కాగితం తీసుకోండి. నాట్ల రోజులు, పత్తి తీసే రోజులు, పరీక్షల రోజులు ముందే గుర్తుపెట్టుకుని ఆ వారాల్లో భారం తగ్గించండి. రోజూ పావుగంట అందరూ కలిసి ఒక పాట, ఒక అధ్యాయం. తర్వాత పదో తరగతి అమ్మాయి చిన్నదానికి కాసేపు అక్షరాలు దిద్దిస్తుంది. ఆ వేళలో మీరు నడిపివాడి ఎక్కాలు వినండి. అక్కకూ తన చదువు ఉంది కాబట్టి ఆ పని అరగంట దాటనివ్వకండి. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకు రాసిపెట్టండి. చదువురాని తల్లి అయినా ఆ సాయంత్రం ఇవ్వగలదు, ఎందుకంటే అక్కడ కావలసింది చెవులే. జ్వరమో, వానలో, అప్పుల గొడవో వచ్చి క్రమం చెదిరితే నేరం చేసినట్టు బాధపడకండి. సోమవారం మళ్లీ మొదలుపెట్టండి.

తిమోతికి విశ్వాసం అవ్వ లోయి నుంచి, తల్లి యునీకే నుంచి వచ్చిందని పౌలు గుర్తుచేశాడు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకొనేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలకు దేవుని మాటలు నేర్పమని ద్వితీయోపదేశకాండము ఆజ్ఞాపించింది. అందుకు పెద్ద గది అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. ఈ వారం మన ఇంట్లో ఏ బిడ్డ మాట విని చాలా రోజులయిందో ఆలోచిద్దాం. ఆ బిడ్డతోనే మొదలుపెడదాం. ప్రభువు మన ఇళ్లను, వాటిలోని చిన్న బడులను దీవించును గాక. ఆమెన్.