అద్దె ఆగలేదు... హిల్టన్ ఆగలేదు!

1919లో బ్యాంకు కొందామని టెక్సస్‌లోని సిస్కో వెళ్లాడు కాన్రాడ్ హిల్టన్. బేరం చెడింది. రాత్రికి పడుకుందామంటే మోబ్లీ హోటల్లో గది దొరకలేదు. చివరికి ఆ హోటల్నే కొనేశాడు! 1925లో డల్లాస్‌లో తన పేరుతో హోటల్ తెరిచాడు.

ఇంతలో మహామాంద్యం. గదులు ఖాళీ అయినా అద్దెలు, వడ్డీలు ఆగవు కదా! చాలా హోటళ్లు చేజారాయి. అయినా వదల్లేదు. మెల్లగా నిలదొక్కుకున్నాడు. ప్యూర్టోరికోలో ప్రభుత్వ సంస్థ కట్టిన, 1949లో తెరుచుకున్న హోటల్‌ను నడిపే ఒప్పందం దక్కించుకున్నాడు. భవనం వాళ్లది, పేరూ నిర్వహణా ఇతనివి. 1979లో కన్నుమూశాడు.

ఇవాళ హోటల్ ఫ్రాంచైజీ ఒప్పందాల్లో ‘ఫోర్స్ మెజ్యూర్’ అనే క్లాజు ఉంటుంది. వరద, యుద్ధం, మహమ్మారి లాంటివి పని ఆపేస్తే కొంత వెసులుబాటు ఇస్తుంది. కానీ హిల్టన్‌కి ఎదురైనట్టు గిరాకీ తగ్గితే? సాధారణంగా వర్తించదు. చాలా ఒప్పందాల్లో ఫీజు బకాయిలకూ మినహాయింపు ఉండదు.

లా, హోటల్ మేనేజ్‌మెంట్ చదివే మిత్రులూ, ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఈ తేడా గుర్తుంచుకోండి. ఒప్పందం చేతికొస్తే సంతకం కంటే ముందు ఆ క్లాజే చదవండి.