నల్లదుప్పి కన్న దర్శనము

ఉత్తర అమెరికా మైదానాలలోని లకోటా జాతి యువకుడు తన జీవితమార్గం తెలిసికొనగోరినప్పుడు ఒంటరిగా కొండ యెక్కుతాడు. అన్నపానాలు విడిచి, రోదిస్తూ, ఒక దర్శనం కోసం దైవశక్తులను వేడుకొంటాడు. హెహాక సాప విషయంలో ఈ క్రమం తలక్రిందులైనది. దీక్ష పట్టే వయస్సు రాకమునుపే దర్శనం అతనిని వెదుకుకొంటూ వచ్చినది. వచ్చి, తీరని ఋణంవలె జీవితమంతా వెంటాడినది.

హెహాక సాప అంటే నల్లదుప్పి. ఆంగ్లంలో బ్లాక్ ఎల్క్ అనే పేర ప్రసిద్ధుడు. ఒగ్లాలా తెగలో 1863 డిసెంబరులో జన్మించినాడు. తండ్రి మంత్రవైద్యుడు, అమెరికా సైన్యాన్ని గడగడలాడించిన క్రేజీ హార్స్ వారికి బంధువు. తొమ్మిదవ యేట బాలుడు జబ్బుపడి, పన్నెండు దినాలు స్మృతి లేక పడియున్నాడు. ఆ స్థితిలో ఇంద్రధనుస్సు ద్వారంగా గల గుడారంలో ఆరుగురు పితామహులను దర్శించినాడు. నాలుగు దిక్కులు, ఆకాశం, భూమి ఆ రూపాలు ధరించి కూర్చున్నవి. పానపాత్ర, విల్లు, ఓషధి, ధూమనాళం, చిగురించే దండం అతనికి ప్రసాదించి, ఛిన్నాభిన్నం కానున్న జాతిని రక్షించవలసిన భారం ఆ పసివాని భుజాలపై పెట్టినారు.

బాలుడు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధాన్ని చూచినాడు. మరుసటి సంవత్సరం క్రేజీ హార్స్ చంపబడగా బంధువులతో కెనడాకు పారిపోయినాడు. మేఘం ఉరిమినప్పుడెల్ల పితామహులు తనను పిలుస్తున్నారనే భయం పట్టుకొన్నది. పదునేడవ యేట, ఆ బాధ సహింపరానిదైనప్పుడు, ఒక వృద్ధ వైద్యునికి సర్వం నివేదించినాడు. కన్న దర్శనాన్ని జనం ఎదుట ఆడి చూపినగాని దాని శక్తి లోకానికి ఉపకరించదని ఆ వృద్ధుడు విధించినాడు.

ఈ విధిలోనే లకోటాల మతమర్మం కలదు. వారికి దర్శనం వ్యక్తి సొత్తు కాదు. 1881లో జరిగిన అశ్వనృత్యంలో నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు వన్నెల గుఱ్ఱాలు నాలుగేసి చొప్పున నాలుగు దిక్కులకు ప్రతీకలై నిలిచినవి. పడమర నలుపు, ఉరుములకు నెలవు. ఉత్తరం తెలుపు, శుద్ధినిచ్చే చలిగాలి. తూర్పు ఎరుపు, ఉషస్సు. దక్షిణం పసుపు, వేసవి. ఆరుగురు వృద్ధులు పితామహుల స్థానంలో కూర్చున్నారు. ఆ దినం మొదలు యువకుని భయం తొలగినది. కొద్దికాలానికే వైద్యం ఆరంభించినాడు.

కాని కాలం ఎదురు తిరిగినది. 1883లో ప్రభుత్వం సూర్యనృత్యాన్ని, మంత్రవైద్యాన్ని నేరాలుగా ప్రకటించినది. తెల్లవారి రహస్యమేమో తెలిసికొందామని నల్లదుప్పి బఫెలో బిల్ ప్రదర్శనశాలలో చేరి, 1887లో విక్టోరియా రాణి ఎదుట నర్తించినాడు. జాతికి పనికివచ్చేది అక్కడ ఏమీ దొరకక 1889లో తిరిగి వచ్చినాడు. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ వద్ద సైనికులు స్త్రీలను, పసిపిల్లలను కూడ విడువక 250 మందికి పైగా కాల్చి చంపినారు. ఆ మంచులో దర్శనంలోని చిగురించే చెట్టు ఎక్కడ?

1904లో అతడు కాథలిక్కై, నికొలస్ అనే పేరుతో ఉపదేశకుడైనాడు. దీనిని కొందరు పరాజయమన్నారు, కొందరు మోక్షమన్నారు. రెండును తొందరపాటు మాటలే. 1931లో కవి జాన్ నైహార్ట్‌కు తన దర్శనమంతా విప్పి చెప్పినవాడు ఈ ఉపదేశకుడే. కుమారుడు బెన్ దానిని ఆంగ్లంలోకి మార్చినాడు. మరుసటి సంవత్సరం వెలువడిన గ్రంథంలో నైహార్ట్ ఉపదేశకుని జీవితాన్ని దాదాపు విడిచిపెట్టినాడు. అది పాఠకునికి చేసిన అన్యాయమే.

1947–48 శీతకాలంలో జోసెఫ్ ఎప్స్ బ్రౌన్ అనే యువకునికి, చూపు మందగించిన ఆ వృద్ధుడు ఏడు క్రతువుల అర్థం వివరించినాడు. శుద్ధిక్రతువైన ఇనీపి వాటిలో ఒకటి. వంచిన విల్లోచెట్టు కొమ్మలతో కట్టిన గుండ్రని కుటీరమే విశ్వం; నడిమి గుంటలో కాలిన రాళ్లు భూమి; వాటిపై నీరు చల్లగా లేచే ఆవిరిలో ఉరుముల శక్తి కలదు. చీకటిలో చెమటోడ్చి, తలుపు తెరవగానే వెలుగులోనికి వచ్చువాడు తిరిగి పుట్టినవాడే. సూర్యనృత్యంలో నడుమ నాటే కాటన్‌వుడ్ చెట్టును శత్రువును పట్టి తెచ్చినంత విధివిధానంగా నరికి తెస్తారు. నర్తకుడు తన మాంసాన్నే అర్పిస్తాడు. నిజంగా తనదని ఇవ్వదగినది మనిషికి దేహమొక్కటే కదా!

పరజాతివారికి క్రతుమర్మాలు చెప్పినందుకు అతనిని తప్పుపట్టినవారు లేకపోలేదు. చెప్పకపోతే తనతోనే అవి నశిస్తాయన్న భయం ఆ వృద్ధునిది. 1950 ఆగస్టు 19న పైన్ రిడ్జ్‌లో మరణించినాడు. ఏడు క్రతువుల గ్రంథం 1953లో వెలువడినది. లకోటాల ఆచారాలకు చట్టరక్షణ 1978లో గాని లభించలేదు. బాల్యదర్శనంలో పితామహులు అతనిని నిలిపిన కొండపై, 1931లో అతడు వానకోసం కన్నీటితో ప్రార్థించిన ఆ శిఖరానికి, ఒకప్పుడు ఒక సేనాని పేరుండేది. 2016లో దానికి బ్లాక్ ఎల్క్ శిఖరమని పేరు మార్చినారు.