దూరముగా ఉంచబడిన చేయి
డాక్టరు అన్నా కుగ్లర్ దొరసానిగారి జీవితము

ధ్యానమునకు: లూకా 10:25–37



యెరికో త్రోవలో గాయపడి పడియున్న మనుష్యుని కథ మన సంఘములలో ఎరుగనివారు లేరు. అయితే అందులో ఒక సంగతిని మనము తరచుగా మరచిపోవుదుము. ఆ గాయములు కట్టిన సమరయుడు యూదులు చేరనీయని జాతివాడు. ఎవని చేతిని లోకము దూరముగా ఉంచెనో ఆ చేతితోనే దేవుడు స్వస్థతను పంపెను. మన తెలుగుదేశములోను అట్టి చేయి ఒకటి కలదు.

అన్నా సారా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమందు ఆర్డ్‌మోరు అను ఊరిలో పుట్టెను. స్త్రీలు వైద్యము చదువుట అరుదైన ఆ దినములలో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టము పొందెను. తరువాత కొంతకాలము మానసిక రోగుల ఆసుపత్రిలో పనిచేసెను. ఇంతలో గుంటూరు లూథరన్ మిషనునుండి ఒక ఉత్తరము వచ్చెను. ఘోషాలోని స్త్రీలు పురుష వైద్యునికి కనబడరనియు, వారికి స్త్రీ వైద్యురాలు అవసరమనియు దాని సారాంశము. ఆ పిలుపు ఆమె హృదయములో నిలిచిపోయెను.

అయితే ఆమెను పంపవలసిన స్త్రీల సమాజమువారు వైద్యపనికి ఇంకను సిద్ధముగా లేరు. బోధించు పనికి మాత్రమే పంపిరి. ఆమె అలుగలేదు, వెనుదీయలేదు. తన వైద్య సామగ్రిని వెంట తెచ్చుకొని 1883 నవంబరులో గుంటూరు చేరెను. వైద్యురాలు వచ్చెనని తెలిసినంతనే రోగులు రాసాగిరి. మొదటి సంవత్సరమందే రోగుల యిండ్లలో 185 మందిని, తన బసలో 276 మందిని చూచెను. 1885లో సమాజమువారు ఆమెను వైద్య మిషనెరీగా నియమించిరి.

పిలిచినవారందరు ఆమెను ఆదరించిరని తలంచవద్దు. పెద్ద కులముల యిండ్లలో ఆమె ముట్టిన వస్తువులను ఆమె వెళ్లిన తరువాత కడిగిరి. దొరల జాతిలో పుట్టి, గొప్ప చదువు చదివిన ఆ స్త్రీ వారి లెక్కలో మైలపరచునది. మన తాతలు, ముత్తాతలు ఊరి బావియొద్ద, గుడి వీధిలో అనుభవించిన ఆ దూరమునే ఆమెయు అనుభవించెను. మనసు నొచ్చియుండవచ్చును. అయినను మరల పిలిచినప్పుడు మరల వెళ్లెను.

సెలవుమీద స్వదేశము వెళ్లినప్పుడు ఆసుపత్రి కొరకు సంఘములను అర్థించెను. పేద స్త్రీలు ఇచ్చిన చిన్న కానుకలును అందులో చేరెను. 1897 జూనులో గుంటూరులో ఏబది పడకల ఆసుపత్రి తెరువబడెను. బ్రాహ్మణ స్త్రీయు, పేటనుండి వచ్చిన కూలి స్త్రీయు, మహమ్మదీయ స్త్రీయు ఆ గుమ్మమునే దాటి వచ్చిరి. తెలుగు బాలికలు అక్కడ నర్సు పని నేర్చుకొనిరి. రోగిని ముట్టుట హీనమనుకొను దేశములో మన ఆడబిడ్డలు ఆ పనిని గౌరవముగా చేపట్టిరి.

మన ఏలూరు జమీందారు రాజా భుజంగరావుగారి కుటుంబమును ఆమె వైద్యమువలన మేలు పొందెను. వారి యింట ఆమె సహాయముతో కుమారుడు పుట్టగా, జమీందారుగారు కృతజ్ఞతతో రోగుల బంధువులు దిగుటకు ఆసుపత్రియొద్ద సత్రము కట్టించిరి. దూరప్రాంతములనుండి రోగిని తెచ్చినవారు తలదాచుకొని వంట చేసికొనుటకు అది ఎంత అక్కరయో, జబ్బుమనిషితో పట్టణపు ఆసుపత్రికి వెళ్లిన అత్తిలి ప్రాంతపు రైతుకూలీకి చెప్పనక్కరలేదు.

1905లో ప్రభుత్వమువారు ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి. నలుబది ఆరు సంవత్సరములకు పైగా తెలుగువారిని తనవారిగా ఎంచి, 1930 జూలై 26న గుంటూరులోనే ప్రభువునందు నిద్రించెను. ఆ ఆసుపత్రికి తరువాత ఆమె పేరే పెట్టబడెను.

ఇప్పుడు మనలను మనము పరీక్షించుకొందము. ఒకప్పుడు మన పితరులు దూరముగా ఉంచబడిరి. నేడు మనము ఎవరిని దూరముగా ఉంచుచున్నాము? 2017లో మయన్మారునుండి ఏడు లక్షలకు పైగా రొహింగ్యా ప్రజలు ప్రాణములు అరచేత పట్టుకొని బంగ్లాదేశమునకు పారిపోయిరి. వారి జాతివారు కొందరు మన హైదరాబాదు బాలాపూరులోను గుడిసెలు వేసికొనిరి. వారి మతము వేరు, భాష వేరు. వారి బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు మందు ఇచ్చువాడు మొదట ఊరు పేరు, కాగితములు అడుగవలెనా, నాడి చూడవలెనా? సమరయుడు ఏమి అడిగెనో చదివి చూడుడి.

అంతదూరము పోనక్కరలేదు. మన పేట చివర క్షయతో దగ్గుచు ఒంటరిగానున్న ముసలమ్మ యుండవచ్చును. కొల్లేటి చెరువులలో పనికై వలసవచ్చిన కుటుంబము యుండవచ్చును. వారు మన సంఘమువారు కాకపోవచ్చును. డాక్టరు చదువు మనకు లేకపోయినను, ప్రభుత్వ ఆసుపత్రివరకు తోడు వెళ్లుటకు కాళ్లున్నవి. గంజి కాచి ఇచ్చుటకు చేతులున్నవి. ఈ నెలలో ప్రతి కుటుంబము అట్టివారినొకరిని పేరుపెట్టి ప్రార్థించి, ఒకసారియైనను వెళ్లి చూచునుగాక.

ప్రభువా, మమ్మును దూరముగా ఉంచినవారిని క్షమించుటకును, మేము దూరముగా ఉంచినవారియొద్దకు వెళ్లుటకును కృప దయచేయుము. ఆమేన్.