సూర్యకాంతం: హీరోలుండగా టైటిల్ కొట్టేసిన గయ్యాళి అత్త

కపిలేశ్వరపురం నుంచి కాకినాడ దాకా ఏ ఊళ్లోనైనా నోరున్న అత్తను సూర్యకాంతం అనేస్తారు. ఆడపిల్లకు ఆ పేరు పెట్టాలంటే మాత్రం జంకుతారు. ఒక నటి వేసిన పాత్రల ప్రభావం అది.

కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924 అక్టోబర్ 28న సూర్యకాంతం పుట్టారు. హీరోయిన్ కావాలని మద్రాసు వెళ్లారు. 1946లో ‘నారద నారది’లో చిన్న వేషం దొరికింది. తర్వాత హీరోయిన్ ఛాన్స్ వచ్చినా, కారు ప్రమాదంలో ముఖానికి గాయమై చేజారిపోయింది.

1950లో ‘సంసారం’లో గయ్యాళి అత్తగా చేశారు. ఆ ముద్ర చివరిదాకా వదల్లేదు. ఎడమ చెయ్యి తిప్పుతూ ఆమె దులిపేస్తుంటే, తిట్టుకుంటూనే జనం ఎగబడి చూశారు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి తల్లి హిడింబి కూడా ఆమే. ఇక 1962 నాటి ‘గుండమ్మ కథ’లో ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున అందరూ ఉన్నారు. అయినా సినిమాకు పెట్టింది ఆమె పాత్ర పేరే.

తెర వెనుక మనిషే వేరు. ఇంట్లో వండించిన పిండివంటలు షూటింగ్‌కు తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేవారు. 1994 డిసెంబర్‌లో కన్నుమూశారు. తర్వాత తెరమీదకు గయ్యాళి అత్తలు చాలామందే వచ్చారు. పోలిక మాత్రం ఇప్పటికీ ఆమెతోనే.